ముందు టైర్లు, తర్వాత తుపాకీ

ఎలక్షన్లొచ్చిన ఆ ఎండాకాలం, చర్ల రోడ్డు మీద జీపులు నడవొద్దని అడవి లోపలి అన్నల కాడినుంచి మాట వచ్చింది. చెట్లకు పోస్టర్లు పడ్డయ్. ఓటు మిషన్లు తెచ్చే బండేదో, జనాన్ని తెచ్చే బండేదో లోపలోళ్ళకు ఎట్ల తెలుస్తది? అందుకని ఏ బండీ రావొద్దన్నరు. భద్రాచలం స్టాండుల జీపులన్నీ వరుసగ నిలబడిపోయినయ్. మా ఆయన బెంజమిన్ జీపు కూడ అండ్లనే. పెండ్లయిన కాడినుంచి, ఆదివారాలు తప్పితె, ఆయన పగటిపూట ఇంట్ల ఉండంగ నేను చూసింది అప్పుడే.

మా ఇంటి ముందటర్రల నాకొక చిన్న షాపుండె. రెండు పాత కంప్యూటర్లు, ఒక ప్రింటరు. అర్జీలు టైపు చేసుడు, పెండ్లికార్డుల అక్షరాలు కూర్చుడు నా పని. కాలేజీలు మూసినంక పని సగమయ్యేది. ఖమ్మంల మాకు కంప్యూటర్లు అమ్మినాయన ఎక్కించిచ్చిన కార్ల ఆట ఒకటి వాటిల ఊరికెనే పడుండె. ఎండకు తాళలేక, ఫ్యాను కింద కూసుందామని జీపు డ్రైవర్లు ఒక్కొక్కరే షాపులకు వచ్చిండ్రు. వచ్చినోళ్ళు ఆటను పట్టుకున్నరు. వైరు కలిపితే రెండు కంప్యూటర్ల మీద ఇద్దరు ఒకే రోడ్డుల పోవచ్చు. ఇగ నా షాపు స్టాండయింది.

ఆ ఆట ఉత్త పందెం కాదు. కార్లకు తుపాకులుంటయ్. పందెం ఉరుక్కుంటనే ముందటోన్ని కాల్చొచ్చు, పక్కటోన్ని గుద్ది లోయల పడెయ్యొచ్చు. పందెం అయినంక పాయింట్లొస్తయ్. ఆ పాయింట్లతోని గ్యారేజీల బండికి ఏం కావాల్నంటే అది పెట్టించుకోవాలె. ఇంజను, టైర్లు, బ్రేకులు, బండి చుట్టూ మందం రేకు, తుపాకీ. అన్నిటికీ చాలవు. ఏది ముందు, ఏది తర్వాత అన్న కాడనే ఆటంతా.

బెంజమిన్ మొదటి దినమే తుపాకీకి పెట్టిండు. రెండోసారి ఇంకా పెద్ద తుపాకీకి. ఆ తర్వాత ఇంజనుకు. భద్రు కూడ గంతే.

భద్రు అంటే బూర్గంపాడు దిక్కు తండా పిల్లగాడు, మా ఆయనకంటె చిన్నోడు, అదే రూట్ల జీపు తోలుతడు. ఊరి కాడికి ఎవరి బండి ముందు పోతె జనం అండ్లనే ఎక్కుతరు. వెనకొచ్చినోనికి దుమ్మే. అందుకని ఇద్దరికి ఏండ్లబట్టి పడదు. ఎదురుపడితె హారన్లతోనే మాట్లాడుకునేటోళ్ళు. ఆ ఎండాకాలం మాత్రం పక్కపక్క కుర్చీలల్ల కూసోని, ఒకల బండ్లు ఒకలు కాల్చుకుంట, తిట్టుకుంట, నవ్వుకుంట ఉన్నరు. నేను మూలకు కూసోని కాయితాలు సర్దుకుంట చూసేదాన్ని. నాకు విసుగుండె. కరెంటు ఎప్పుడు పోతదో తెలువదు, పోతె బాగుండనిపించేది.

ఆటల ఆరో రోడ్డు గుట్ట మీదిది. దిగుడు, మలుపు, ఆ మలుపు కింద లోయ. ఇద్దరూ ఎన్నిసార్లు పోయినా అక్కడనే పడుతున్నరు. తుపాకీతోని ముందటోన్ని కాల్చి, ఆ సంబరంల మలుపు మర్సిపోతరు. పడ్డ బండిని బాగుచేయించనీకె సంపాయించిన పాయింట్లన్నీ పోతయ్. మళ్ళ మొదటికి.

ఒకనాడు మద్దెన్నం జంపక్క వచ్చింది. దుమ్ముగూడెం అవతల కోయ పల్లె ఆమెది. చింతపండు, ఇప్పపువ్వు తెచ్చి అమ్ముతది. మా అత్తమ్మ జోజమ్మతోని పాత దోస్తీ, గంపలు మా వరండల పెట్టిపోతది. జీపులు లేక సగం దూరం నడిచి, సగం ఎడ్లబండి మీద వచ్చిందట. కాళ్ళకు దుమ్ము మోకాళ్ళదాంక ఉంది. మంచినీళ్ళు తాగుకుంట గడపల నిలబడి కంప్యూటర్ దిక్కు చూసింది. అప్పుడే బెంజమిన్ కారు మలుపు కాడ గాలిల లేచి లోయల పడ్డది.

“అది బెంజిమన్ బండా?” అన్నది.

“ఆటనే జంపక్కా, ఉత్తదే” అన్న.

“ఉత్తదెట్ల? గిట్లనే తోల్తడు గద.”

అందరు నవ్విండ్రు. బెంజమిన్ కుర్చీ ఇటు తిప్పి, “ఏం జంపక్కా, ఒక్కసారన్న పడేసిన్నా నిన్ను?” అన్నడు.

“పడెయ్యలే” అన్నది ఆమె. ఒక గుక్క తాగి, “ఇంకా పడెయ్యలే” అన్నది.

తర్వాత వరండల గంప సర్దుకుంట నాతోని చెప్పింది. వాగు దిగుడు కాడ బెంజమిన్ బండిల అందరూ మాటలు బంద్ చేస్తరట. ఒకల భుజం ఒకలు పట్టుకుంటరట. చంటిపిల్లలున్నోళ్ళు తల ఒళ్ళో దాస్తరట. ఆమె ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పలే. వానలు పడ్డయా లేదా అన్నట్టు చెప్పింది.

“మరి ఆ బండే ఎందుకెక్కుతరు?”

“వేరేది భద్రు బండి. అదీ గంతే బిడ్డా.”

నేను మా ఆయన జీపు ఎక్కింది వంతెన దాటి బూర్గంపాడుల మా అమ్మగారింటికి పోయినప్పుడు, ఆదివారం చర్చికి పోయినప్పుడు. అప్పుడు కడవల నీళ్ళు తొణకకుండ తెచ్చినట్టు తోలేటోడు. చర్ల రోడ్డు మీద ఆయనను నేనెన్నడు చూడలే. ఇంటికొచ్చి అన్నం తిని పడుకునే మనిషే నాకు తెల్సు. ఆయన పనిల ఎట్లుంటడో చూడనీకె కంప్యూటర్ల ఆట కావాల్సొచ్చింది. ఆ రోజునుంచి నేను కాయితాలు పక్కకు పెట్టి ఆ కారునే చూసిన. అవసరం లేని కాడ కూడ పక్కబండిని గుద్దుతడు. ముందు ఎవరూ లేకున్నా కాలుస్తడు. బ్రేకు బటను కాడికి ఆయన వేలే పోదు.

ఈ సంగతి అత్తమ్మతోని అంటె ఆమె బియ్యం ఏరుకుంటనే ఉంది. “నాకెరికే. వాళ్ళ నాయిన లారీ కూడ గట్లనే తోలె. నేను చెప్పి చెప్పి అలిసిన. ఇప్పుడు పొద్దుగూకంగ ప్రార్థన చేసుడే నా పని.” చాటను పక్కకు జరిపి, “నీకు ఓపిక ఉంటే చెప్పుకో” అన్నది.

నాకూ లేదు ఓపిక. చెప్తె ఏమంటడో తెల్సు. “నీకేం తెల్సు బండి సంగతి” అంటడు. అది నిజమే కూడ. అందుకని బండి సంగతి తెలుసుకుందామనుకున్న.

డ్రైవర్లు అన్నానికి పోయినంక షాపుల ఎవరూ ఉండరు. కరెంటున్న దినం తలుపు దగ్గరికేసి ఆ ఆట మొదలుపెట్టేదాన్ని. టైపు కొట్టే వేళ్ళు గదా, బటన్లు జల్దీనే వశమైనయ్. గెలుసుడే కాలే. మొదట్ల అన్ని పందేలల్ల ఆకర్న వచ్చిన. వచ్చిన కాసిని పాయింట్లు తీస్కపోయి టైర్లకు పెట్టిన. టైర్లు బాగుంటే బండి జారదు. జారకుంటె గోడకు తగలదు. తగలకుంటె రిపేరు లేదు. గెలిచినోడు గెలిచిన పాయింట్లు రిపేరుకు పోగొట్టుకుంటుండు, నాలుగోదిగ వచ్చిన నాకు నాలుగు పాయింట్లు మిగులుతున్నయ్. అట్ల మిగిలినవాటితోని బ్రేకులు. ఆ తర్వాత రేకు.

తుపాకీ సంగతి ఆలోచించిన. తుపాకీ ముందుకే కాలుస్తది. అంటే వెనకున్నోనికే దానితోని పని. ముందున్నోనికి అది దేనికి? ఇంకొకటి కనిపెట్టిన. పందెం మొదలైనంక కంప్యూటర్ తోలే కార్లు రెండు ఎప్పుడూ ఒకదాన్నొకటి కాల్చుకుంటయ్. వాటి నడుమకు పోకుండ కొంచెం ఆగితె, అవే తగులబడి దారిస్తయ్. బెంజమిన్ ఎప్పుడూ ఆ నడుమకే ఉరికేటోడు. అన్నీ గట్టిపడ్డంకనే ఇంజనుకు పెట్టిన. పెద్ద ఇంజను ముందే పెడితె జల్దీ పోయి లోయల పడుడే.

ఈ లోపల ఎలక్షన్లయిపోయినయ్. ఇంకొన్ని దినాలల్ల జీపులు రావొచ్చని లోపలినుంచి కబురొచ్చింది. స్టాండుల హుషారొచ్చింది. నాకు ఆ హుషారు రాలే. ఎందుకంటే ఆ నెల మా చిట్టీ డబ్బులు చేతికొస్తున్నయ్. బెంజమిన్ ఆ డబ్బుతోని విజయవాడల పెద్ద ఇంజను కొని జీపుకు పెట్టిస్తనని మెకానిక్ రామ్‌సింగ్‌తోని మాట్లాడి పెట్టుకున్నడు. “ఈసారి భద్రుగాడు నా దుమ్ము కూడ చూడడు” అని ఇంట్ల కూడ అదే మాట. జీపు టైర్లు నున్నగ మా అత్తమ్మ రోకలి తీర్గ ఉన్నయ్. ఆ సంగతి ఎవరికీ పట్టలే.

ఆకరు దినం అనుకోని అందరు షాపుల జమైండ్రు. ఓడినోడు సోడాలు తాపాలె. బెంజమిన్ భద్రును ఓడగొట్టిండు. మలుపు కాడ ఇద్దరూ పడ్డరు, భద్రు ముందు పడ్డడు, అంతే తేడ. భద్రు కుర్చీలకెల్లి లేచి, నవ్వుకుంట, “వదినె, నువ్వు రా. అన్నను నువ్వే ఓడగొట్టాలె” అన్నడు.

“ఆమెకు అర్జీలు కొట్టుడొస్తది గానీ” అన్నడు బెంజమిన్.

నేను పోయి కూసున్న. ఆటల దాచిపెట్టుకున్న నా బండిని తెరిచిన. గ్యారేజీల అది చూసి వెనకున్నోడు ఎవడో “తుపాకీ లేదేంది దీనికి?” అన్నడు. అందరు నవ్విండ్రు.

అదే గుట్టరోడ్డు. మొదలైనంక బెంజమిన్ కంప్యూటర్ కార్ల నడుమకు ఉరికి, కాల్చుకుంటనే ముందుకు పోయిండు. నేను ఆగిన. రెండు కార్లు కాలిపోయినయ్, నడుమకెల్లి పోయిన. ఒక పెద్ద మూలమలుపు కాడ ఆయన గోడకు రాసుకుంట తిరిగిండు, నేను లోపలినుంచి దాటిన. ఇగ ఆయన నా వెనకొచ్చిండు. కాల్చిండు. నా బండి ఊగింది, పొగలొచ్చినయ్, రేకు ఆపింది. “పడ్తది, పడ్తది” అని అరుస్తున్నరు. దిగుడొచ్చింది. మలుపు ఇంకా కనవడకముందే నేను బ్రేకొత్తిన. ఆయన నన్ను దాటి, ముందు ఎవరూ లేకున్నా కాల్చుకుంటనే, రోడ్డు వదిలి గాలిలకు పోయిండు.

నేను మెల్లగ మలుపు తిరిగి పోయిన. ఎంత మెల్లగ అంటె ఎవరో “ఎడ్లబండా అది” అన్నరు. గెలిచిన.

అరుపులు, ఈలలు, వీపు మీద చరుసుకునుడు. బెంజమిన్ కూడ నవ్విండు. భద్రు మాత్రం నవ్వలే. బెంజమిన్ కంప్యూటర్ల పడిపోయిన కారు చక్రం ఇంకా తిరుగుతుంటె దాన్నే చూస్తున్నడు.

“అన్నా, నువ్వు బ్రేకు ఒత్తనే లేదు” అన్నడు.

“నువ్వు ఒత్తుతవా?”

భద్రు “లే” అన్నడు. తర్వాత చెప్పులేసుకోని, సోడా తాగకుండనే పోయిండు.

ఆ సాయంత్రం బెంజమిన్ వరండల మంచం మీద పండుకోని దూలాల దిక్కు చూస్తుండు. నేను గిన్నెలు కడుక్కుంటున్న. అటే చూసుకుంట అడిగిండు.

“మొత్తం టైర్లకే పెట్టినవా?”

“ముందు టైర్లు. తర్వాత బ్రేకులు, రేకు. ఇంజను ఆకర్న.”

“తుపాకీ లేకుంటె వెనకటోడు కొడ్తడు గద.”

“కొట్టనీ. కొట్టుకుంట వచ్చేటోడు మలుపు చూడడు.”

నేను చేతులు తుడుచుకోని లోపలికి పోతుంటె, “నేను తోలేది నిజంగ గట్లనేనా?” అన్నడు.

“నాకేమెరుక. ఆ రోడ్డు మీద నన్నెన్నడన్న ఎక్కించుకున్నవా?”

కోపంతోని అనలే. కోపానికి కూడ బలం కావాలె గదా. ఆయన అటు దిక్కు తిరిగి పండుకున్నడు.

చిట్టీ డబ్బులొచ్చినయ్. ఆయన ఆ డబ్బు పట్టుకోని, రామ్‌సింగ్‌ను తీసుకోని తెల్లారి బస్సుకు విజయవాడ పోయిండు. ఆ దినమంతా ఎండ పిచ్చెక్కినట్టు కాసింది. అత్తమ్మ నేను ఒకరి మొఖం ఒకరం చూసుకోకుండ పని చేసుకున్నం. మర్నాడు మాపటికి రిక్షా వచ్చి ఇంటిముందు ఆగింది. దాని మీద నాలుగు టైర్లు, గోనెసంచిల ఏవో ఇనుప సామాన్లు. బ్రేకుల సామాన్లని తర్వాత తెలిసింది.

“ఇంజను?” అన్న.

“దొరకలే” అన్నడు, టైర్లు దించుకుంట.

నీళ్ళియ్యనీకె పోయినప్పుడు రామ్‌సింగ్ మెల్లగ చెప్పిండు. “ఉండె అక్కా, మంచి ఇంజను. ముందటనే పెట్టిండ్రు. అన్న దాని ముందు కూసున్నడు, తాకి చూసిండు. పదరా అని లేచొచ్చిండు. నేనేం అడగలే.”

తర్వాత సంగతి కూడ చెప్పాలె. టైర్లు మార్చినందుకు ఎవరూ దండలెయ్యలే. వానలు మొదలైనంక భద్రు ప్రతి ఊరికి ముందు పోయేటోడు, మా ఆయనకు సగం బండే నిండేది. స్టాండుల పెండ్లాం మాట వింటడని పేరొచ్చింది. ఇంట్లకు వచ్చే పైసలు తగ్గినయ్, ఒక కంప్యూటర్ అమ్మేసినం, ఆట దానితోనే పోయింది. బెంజమిన్ ఒక్కోసారి అలిసి వచ్చి, నా మీద కసిరి, తినకుండ పండుకునేటోడు. దసరా దాటినంక భద్రు తనంత తనే ఇంటికొచ్చిండు. అరుగు మీద కూసోని, “అన్నా, పూటకొకలం పోదాం. నాకు చాతనయితలేదు” అన్నడు. ఏం చాతనయితలేదో భద్రు చెప్పలే, మా ఆయన అడగలే. అప్పటినుంచి పొద్దున ఒకరు, మద్దెన్నం ఒకరు. బస్సులు పెరిగి జీపులు మూలకు పడేదాంక అట్లనే నడిచింది. ఇద్దరూ ఇయ్యాలటికీ ఉన్నరు.

కానీ నాకు ఆ ఎండాకాలం అంటె ఆ చివరి ఆదివారమే యాదికొస్తది. జీపులు నడవొద్దన్న మాట అప్పటికే తీసేసిండ్రు, మర్నాటినుంచి స్టాండుల జనాన్ని ఎక్కించుకుంటరనంగ, చర్చినుంచి రాంగ బెంజమిన్ అత్తమ్మను ఇంటికాడ దించి, నన్ను దిగొద్దన్నడు. చర్ల రోడ్డు పట్టుకున్నడు. జీపుల మేమిద్దరమే. కొత్త టైర్ల వాసనొస్తుంది. ఎంత మెల్లగ పోతుండంటె సైకిలోళ్ళు పక్కకెల్లి దాటిపోతున్నరు.

ఊరు దాటినంక ఒక రాళ్ళ కుప్ప కాడ ఆపిండు. ఇంజను బంద్ చేసిండు.

“ఈడ భద్రు బండి, నా బండి రాసుకున్నయ్. అద్దం పోయింది.”

మళ్ళ స్టార్ట్ చేసిండు. ఒక ఇప్పచెట్టు కాడ ఆపిండు. “ఈడ మేకను గుద్దిన. దానెమ్మటి ఒక పోరి ఉండె. పోరికేం కాలే.”

ఇంకొంచెం పోయినంక, “ఈడ ఒక పెద్దమనిషి సైకిల్ ఇడిసిపెట్టి పొదల్లకు దుంకిండు. నేను ఆగలే.”

ఎండ ముందటద్దం మీద కొడుతుంది. నేను చీరకొంగుతోని మొఖం తుడుసుకున్న. ఆయనకు ప్రతి జాగా ఎరికే. ఏ రాయి, ఏ చెట్టు, ఏ కాలంల. ఎన్నడూ ఎవరికీ చెప్పకుండ అన్నీ దాచి పెట్టుకున్నడు.

వాగు దిగుడు కాడ శానసేపు ఆగినం. కింద ఇసుక తెల్లగ మెరుస్తుంది, నీళ్ళు లేవు.

“టాపు మీద కూసున్నోడు ఒకడు జారి పడ్డడు ఈడ. దూలయ్య అని. ఇసుక గనుక లేచిండు. నేను నవ్విన. ఆయన కూడ నవ్విండు.” స్టీరింగు మీద చేతులు పెట్టుకోని ఆయన ఇసుక దిక్కే చూస్తుండు. “ఆయన ఎందుకు నవ్విండో నాకిప్పటికీ తెలువదు మహిమా.”

నేను నీళ్ళ బాటిల్ ఇచ్చిన. తాగిండు.

“ఇగ చాలు తియ్యి, ఇంటికి పోదాం” అన్న.

“ఇంకా ఉన్నయ్.”

“ఎంతదాంక?”

“చర్ల దాంక.”

వెనకకు తిరిగి పోదామనే ఉండె నాకు. పొద్దుటినుంచి ఏం తినలే, వీపంతా చెమటకు తడిసింది. చెప్పులిడిసి కాళ్ళు పైకి పెట్టుకోని సీటుల సర్దుకోని కూసున్న.

“సరే, పా” అన్న.

ఆయన గేరేసి, బ్రేకు మీద కాలుంచి, మెల్లగ వాగుల దిగిండు.